సగం నింపిన దరఖాస్తు ఎక్కడ ఉంటుంది?

సార్వా పంట రుణానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకునే ఫారం ఒకటి ఉందనుకుందాం. మొదటి పేజీలో రైతు వివరాలు, రెండో పేజీలో ఊరు, మండలం, మూడో పేజీలో భూమి, నాలుగో పేజీలో పంట, ఐదో పేజీలో బ్యాంకు ఖాతా, ఆరో పేజీలో పాసుపుస్తకం స్కాన్, చివర అంతా ఒకసారి సరిచూసుకుని పంపే పేజీ. రాజోలులోనో ఆచంటలోనో నెట్ సెంటరులో కూర్చుని ఐదో పేజీ దాకా వచ్చాక కరెంటు పోతుంది. లేదా బ్యాంకు పుస్తకం ఇంటి దగ్గరే ఉండిపోయిందని గుర్తుకొస్తుంది. మర్నాడు తిరిగి వస్తే ఆ నాలుగు పేజీలూ ఉంటాయా? ఉంటే ఎక్కడ ఉంటాయి, ఎవరి పేరు మీద ఉంటాయి, ఎన్నాళ్లు ఉంటాయి? వెబ్‌సైట్లు తయారుచేసేవారిలో చాలామంది ఈ ప్రశ్నల దగ్గరికి పని చివర్లో, ‘సేవ్’ బటన్ ఒకటి పెట్టాల్సి వచ్చినప్పుడు వస్తారు. అప్పటికే డేటాబేస్ పట్టికలూ, తనిఖీ నియమాలూ పూర్తయిన దరఖాస్తును దృష్టిలో పెట్టుకుని కట్టేసి ఉంటాయి.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. సగం నింపిన దరఖాస్తును పూర్తి దరఖాస్తులోంచి కొన్ని గడులు ఖాళీగా వదిలేసిన రూపంగా చూస్తే, ఇలాంటి దశలవారీ ఫారాల్లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగానికి మనమే దారి వేసినవాళ్లమవుతాం. సగం నింపిన ఆ దరఖాస్తు, అంటే డ్రాఫ్ట్, వేరే వస్తువు. దాని నియమాలు వేరు, ఆయుష్షు వేరు, కొన్నిసార్లు దాన్ని తెరిచే మనిషి కూడా వేరు.

ముందు ఈ జవాబులు ఎక్కడ నిలుస్తాయో చూద్దాం. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి సొంత జ్ఞాపకం లేదు. ఒక పేజీ అడిగిన బ్రౌజరే మరుక్షణం ఇంకో పేజీ అడిగినా, ఇద్దరూ ఒకరేనని సర్వరుకు ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే తొలి రోజుల్లో వెనకటి పేజీల జవాబులను కంటికి కనిపించని గడుల్లో దాచి, ప్రతి పేజీ చేతా ముందుకు మోయించేవారు. ఈ పద్ధతిలో జవాబులు ఆ పేజీలో తప్ప ఇంకెక్కడా ఉండవు. బ్రౌజర్ మూసేస్తే పోతాయి. పైగా దాచిన గడిని బ్రౌజరులోని డెవలపర్ పనిముట్లతో ఎవరైనా మార్చగలరు కాబట్టి, మొదటి పేజీలో తనిఖీ చేసిన విలువను చివర మళ్లీ తనిఖీ చేయక తప్పదు. ఈ రెండో మాట మిగతా పద్ధతులకూ వర్తిస్తుంది, తర్వాత దానికి వద్దాం.

1994లో నెట్‌స్కేప్ ఉద్యోగి లూ మాంటుల్లి కుకీని, అంటే సైటు బ్రౌజరులో దాచి ప్రతిసారీ తిరిగి అందుకునే చిన్న చీటీని, తీసుకొచ్చాక, ఆ జవాబులను కుకీలోనే పెడితే సరిపోతుంది కదా అనే ఆలోచన సహజంగానే వచ్చింది. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగోకు తోడుగా వచ్చే ఫారం టూల్స్‌లో ఇప్పటికీ అలా పనిచేసే విజార్డ్, అంటే పేజీల వారీ ఫారాన్ని నడిపే పనిముట్టు, ఒకటి ఉంది. చిన్న ఫారాలకు అది సరిపోతుంది. అయితే ఒక కుకీకి బ్రౌజర్లు ఇచ్చే చోటు సుమారు 4096 బైట్లు, ఇక్కడే మన లిపితో ఇబ్బంది వస్తుంది. అమలాపురం అనే పేరును ఇంగ్లిష్‌లో రాస్తే పది అక్షరాలు, పది బైట్లు. తెలుగులో రాస్తే, అన్ని లిపులకూ కంప్యూటరులో సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో అ, మ, ల, దీర్ఘం, ప, ఉకారం, ర, సున్నా అని ఎనిమిది సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడేసి బైట్ల చొప్పున 24 బైట్లు అవుతాయి. కుకీలో పెట్టడానికి వాటిని శాతం గుర్తులతో కూడిన రూపంలోకి మార్చే పద్ధతి వాడితే ప్రతి బైటూ మూడు అక్షరాలై, ఆ ఒక్క పేరే 72 బైట్లు తింటుంది. అంటే తెలుగులో నింపిన ఫారానికి కుకీలో దక్కేది దాదాపు 450 సంకేతాల చోటు మాత్రమే. రైతు పేరు, తండ్రి పేరు, చిరునామా, పొలానికి నాలుగు వైపులా సరిహద్దులు రాసేసరికి అది అయిపోతుంది. పరిమితి దాటిన కుకీని బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా పక్కన పడేస్తుంది తప్ప పొరపాటు జరిగిందని చెప్పదు. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి చూసుకున్నవారికి ఈ లోపం ఎప్పటికీ కనపడదు. తెలుగులో టైపు చేసే మొదటి రైతుకు మూడో పేజీలో కనపడుతుంది.

తర్వాతిది సెషన్. కుకీలో ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంచి, జవాబులను సర్వర్ తన దగ్గరే పెట్టుకుంటుంది. ఎక్కువమంది ఎంచుకునే దారి ఇదే, ఎక్కువ ఇళ్లు ముంచేదీ ఇదే. సెషన్ అనేది లాగిన్ అయిన మనిషిని కొద్దిసేపు గుర్తుపెట్టుకోవడానికి పుట్టింది. దాని ఆయుష్షు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. సైట్లు కట్టడానికి వాడే పీహెచ్‌పీ భాషలో మనం ఏమీ మార్చకపోతే కదలిక లేని సెషన్‌ను 1440 సెకన్ల తర్వాత, అంటే 24 నిమిషాలకు, తుడిచేయదగ్గ చెత్తగా లెక్కిస్తుంది. అలాంటి పనికే వాడే ఏఎస్‌పీ డాట్ నెట్‌లో అది 20 నిమిషాలు, టామ్‌క్యాట్‌లో 30 నిమిషాలు. జాంగోలో రెండు వారాలు ఉంటుంది కాబట్టి అక్కడ పని నేర్చుకున్నవారు మిగతాచోట్లకు వెళ్లినప్పుడు తడబడతారు. ఆచంట నుంచి పక్క ఊరికి స్కూటరు మీద వెళ్లి బ్యాంకు పుస్తకం తెచ్చుకోవడానికి 24 నిమిషాలు చాలవు. వికలాంగులకు కూడా అందుబాటులో ఉండే వెబ్ కోసం రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఇందుకు ఒక కొలత ఉంది: కదలిక లేనప్పుడు 20 గంటలకు మించి వివరాలను నిలిపి ఉంచలేకపోతే, ఎంతసేపటికి పోతాయో వాడుకరికి ముందే హెచ్చరించాలి. అన్నిటికన్నా పై స్థాయి ప్రమాణం కాబట్టి దీన్ని పట్టించుకునేవారు తక్కువ. పల్లెల్లో వాడే ఫారాలకు మాత్రం దీన్ని కనీస స్థాయిగా తీసుకోవాలని నా అభిప్రాయం.

గడువు పెంచుకుంటే సెషన్‌తో సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. సెషన్ బ్రౌజరుకు ఒకటి, దరఖాస్తుకు ఒకటి కాదు. నెట్ సెంటరులో ఆపరేటర్ ఏం చేస్తాడో దగ్గరి నుంచి చూస్తే ఇది అర్థమవుతుంది. ఒక రైతుకు మూడు పేజీలు నింపాక, ఆయన ఫోనుకు రావలసిన ఓటీపీ ఆలస్యమవుతుంది. వెనక వరుసలో ఇంకో రైతు నిలబడి ఉంటాడు. ఆపరేటర్ కొత్త ట్యాబ్ తెరిచి అతని ఫారం మొదలుపెట్టి, రెండు పేజీలు నింపుతాడు. ఇంతలో మొదటి రైతుకు ఓటీపీ వస్తుంది. పాత ట్యాబుకు వెళ్లి నాలుగో పేజీ నింపుతాడు. తెర మీద అంతా మొదటి రైతుదే అనిపిస్తుంది. సర్వరులో మాత్రం ఒకే సెషన్ కింద ఒకే పేరుతో జవాబులు ఉన్నాయి. వాటిలో పేరు, ఊరు రెండో రైతువి, భూమి, పంట మొదటి రైతువి. చివరి పేజీలో సరిచూసుకోకుండా పంపితే ఒకరి సర్వే నంబరు మీద ఇంకొకరికి రుణం అడిగినట్టవుతుంది. జాంగో ఫారం టూల్స్‌లోని సెషన్ విజార్డ్ కూడా మనం ఏమీ మార్చకుండా వాడితే ఇంచుమించు ఈ ప్రమాదంలోనే ఉంటుంది: జవాబులను విజార్డ్ క్లాసు పేరు మీద దాస్తుంది, ఫారాన్ని మొదటి నుంచి మళ్లీ తెరిస్తే అప్పటిదాకా దాచినదంతా తుడిచేస్తుంది. ఒక మనిషి, ఒక ట్యాబ్, ఒక ఫారం అనే ఊహ మీద కట్టినది అది. నలుగురి పని ఒక్క కంప్యూటర్ మీద జరిగే చోట ఆ ఊహ నిలవదు.

ఇక బ్రౌజరులోనే ఉండే నిల్వలు. సెషన్ స్టోరేజ్ ట్యాబుతో పుట్టి ట్యాబుతో పోతుంది, కాబట్టి పైన చెప్పిన రెండు ట్యాబుల గొడవ దానికి చాలావరకు లేదు, అయితే మర్నాటి దాకా నిలవదు. లోకల్ స్టోరేజ్ నిలుస్తుంది, సుమారు 5 ఎంబీ చోటు ఇస్తుంది, కానీ అది ఆ యంత్రానికే పరిమితం. సెంటరులో మొదలుపెట్టి ఇంటి దగ్గర ఫోనులో కొనసాగించడం కుదరదు. పైగా సఫారీ 2020 మార్చి నుంచి, మనం ఆ సైటును ముట్టుకోకుండా బ్రౌజర్ వాడిన రోజులు ఏడు అయితే, స్క్రిప్టులు, అంటే పేజీతో పాటు వచ్చి బ్రౌజరులో నడిచే ప్రోగ్రాములు, దాచుకున్న నిల్వను తుడిచేస్తోంది. అందరూ వాడుకునే కంప్యూటరులో లోకల్ స్టోరేజ్ తెచ్చే ఇంకో ప్రమాదం సంగతి చివర్లో చెబుతాను.

ఇన్ని చూశాక నాకు నమ్మకంగా కనిపించే అమరిక ఇది: డ్రాఫ్టుకు సర్వరులోని డేటాబేసులో సొంత పట్టిక, ఊహించడానికి వీలులేని సొంత గుర్తింపు సంఖ్య ఉండాలి, ఆ సంఖ్య పేజీ చిరునామాలోనే కనపడాలి, సెషన్ పని ఆ డ్రాఫ్టును తెరిచే హక్కు ఎవరికుందో చెప్పడం వరకే. అప్పుడు రెండు ట్యాబుల్లో రెండు చిరునామాలు ఉంటాయి, రెండు డ్రాఫ్టులు ఉంటాయి, ఒకటి ఇంకొకటిలోకి పొంగదు. బ్రౌజర్ నిల్వను సిగ్నల్ లేని నిమిషాలకు ఆసరాగా మాత్రమే వాడుకోవాలి.

సొంత పట్టిక ఎందుకు, దరఖాస్తుల పట్టికలోనే ‘స్థితి’ అనే గడి ఒకటి పెట్టి అందులో ‘డ్రాఫ్ట్’ అని రాస్తే చాలదా అని అడగవచ్చు. చాలా సైట్లు అలాగే చేస్తాయి. దానికి రెండు మూల్యాలు చెల్లించాలి. ఖాతా నంబరు లేని దరఖాస్తు ఉండకూడదని డేటాబేసుకు చెప్పే అవకాశం పోతుంది, ఎందుకంటే డ్రాఫ్టులో అది ఖాళీగా ఉండవచ్చు. కాబట్టి ప్రతి గడినీ ఖాళీకి అనుమతించాలి. ఇక ఆ పట్టికను చదివే ప్రతి నివేదికా ‘డ్రాఫ్టులు వదిలేసి’ అన్న షరతు గుర్తుపెట్టుకోవాలి. ఎవరో ఒకరు మరిచిపోతారు. మండలానికి వచ్చిన దరఖాస్తుల లెక్కలో సగం నింపి వదిలేసినవి కూడా చేరిపోతాయి. నారుమడిలో పెరిగేదీ ఊడ్చిన చేలో పెరిగేదీ ఒకే వరి అయినా, ఎకరాకు దిగుబడి లెక్క నారుమడి మీద ఎవరూ వేయరు. డ్రాఫ్టును మొత్తంగా ఒక జేసన్ గడిలో (ప్రశ్న పేరు, జవాబు జంటలుగా రాసే అక్షరరూపం అది), గుర్తింపు సంఖ్య, యజమాని, ఫారం వెర్షన్, చివరి మార్పు సమయం పక్కన పెట్టి ఉంచితే చాలు. కఠినమైన నిలువు వరుసలు దరఖాస్తుల పట్టికకే ఉండనివ్వాలి.

నియమాలు వేరు అన్నాను కదా, దానికి మూడో పేజీలోని విస్తీర్ణం గడి మంచి ఉదాహరణ. మన గోదావరి డెల్టాలో భూమిని ఎకరాల్లో, సెంట్లలో చెప్పుకుంటాం. ఎకరాకు వంద సెంట్లు. రెండెకరాల ముప్ఫై ఐదు సెంట్లను 2.35 అని రాస్తే చిక్కు లేదు. రెండెకరాల ఐదు సెంట్లు ఉన్న రైతు 2.5 అని చెబితే, టైపు చేసే కుర్రాడు 2.5 అనే కొడితే, ప్రోగ్రాం దాన్ని దశాంశంగా చదువుకుని 2.50 చేసి సేవ్ చేస్తుంది. రైతుకు నలభై ఐదు సెంట్ల భూమి ఎక్కువ వచ్చింది. మర్నాడు ఆ డ్రాఫ్ట్ తెరిచినప్పుడు గడిలో 2.50 కనిపిస్తుంది, తాను ఏం రాశాడో ఆధారం లేదు. డ్రాఫ్టులో వాడుకరి టైపు చేసిన అక్షరాలను ఉన్నదున్నట్టు దాచి, వాటి అర్థం ఏమిటన్నది తనిఖీ సమయంలో తేల్చడం ఇందుకే మేలు. ఎకరాలకో గడి, సెంట్లకో గడి పెడితే ఈ ఒక్క ఇబ్బంది తప్పుతుంది, మంచిదే. తారీఖులు, ఫోన్ నంబర్లు, సర్వే నంబరు పక్కన ఉండే 2బి లాంటి ఉపవిభాగాల విషయంలో మాత్రం అదే సూత్రం మళ్లీ అవసరమవుతుంది.

డ్రాఫ్ట్ తప్పులను కూడా దాచుకోగలగాలి. ఆధార్ సంఖ్యలో పన్నెండు అంకెలుంటాయి, చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఏ డేటాబేసునూ అడగకుండా బ్రౌజరే అక్కడికక్కడ పట్టుకోగలదు. పట్టుకుని హెచ్చరించాలి. అంతమాత్రాన సేవ్ చేయడానికి నిరాకరించకూడదు. కార్డు మీద అంకె అరిగిపోయి ఇంటి దగ్గర ఫోనులో చూసి చెబుతానన్న మనిషికి, మిగతా పేజీలు నింపుకునే అవకాశం ఉండాలి. ‘తప్పుగా ఉంది’, ‘ఇంకా రాలేదు’ అనేవి రెండు వేర్వేరు స్థితులు. ఏ పేజీలో ఏది ఉందో పక్కన చూపిస్తే వాడుకరి తన దారి తానే చూసుకుంటాడు. గట్టి తనిఖీ అంతా పంపే క్షణానికి ఉంచుకోవాలి. ఆ క్షణంలో మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అన్నిటినీ సర్వరులో మళ్లీ చేయాలి, మూడో పేజీ దాటి వచ్చాడు కాబట్టి మూడో పేజీ సరిగ్గానే ఉండి ఉంటుందని అనుకోకూడదు. అనుకోకూడదనడానికి కారణం దొంగబుద్ధి ఉన్న వాడుకరి ఒక్కడే కాదు.

అసలైన కారణం వెనక్కి వెళ్లి జవాబు మార్చడం. మూడో పేజీలో ‘సొంత భూమి’, ‘కౌలు’ అని రెండు దారులున్నాయనుకుందాం. కౌలు ఎంచుకుంటే భూ యజమాని పేరు, ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద కౌలు రైతుకు వచ్చే పంట సాగుదారు హక్కు కార్డు సంఖ్య అడుగుతుంది. సొంతం ఎంచుకుంటే పట్టాదారు పాసుపుస్తకం సంఖ్య అడుగుతుంది. రైతు కౌలు అని చెప్పి అన్నీ నింపి, ఐదో పేజీకి వెళ్లాక, ఈ దరఖాస్తులో చూపించే ఎకరం తన సొంతమేనని వెనక్కి వచ్చి మారుస్తాడు. ఇప్పుడు కౌలు దారిలో ఇచ్చిన జవాబుల సంగతేమిటి? వెంటనే చెరిపేస్తే, పొరపాటున నొక్కి మళ్లీ కౌలుకు మార్చినవాడు అంతా మళ్లీ రాయాలి. అలాగే ఉంచి అలాగే పంపేస్తే, సొంత భూమి దరఖాస్తులో ఇంకెవరిదో యజమాని పేరు చేరుతుంది. దాన్ని చదివే బ్యాంకు ఉద్యోగికి ఏది నిజమో తెలియదు. డ్రాఫ్టులో రెండు దారుల జవాబులూ ఉండనిచ్చి, ప్రస్తుతం ఏ దారి నడుస్తోందో జవాబులను బట్టి ప్రతిసారీ లెక్కగట్టి, పంపేటప్పుడు ఆ దారిలో ఉన్నవాటినే తీసుకుని మిగతావి చెరిపేయడం సరైన పద్ధతి.

ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. వాడుకరి ‘నాలుగో పేజీలో ఉన్నాడు’ అని ఒక అంకె దాచుకోవడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. దారి మారితే నాలుగో పేజీయే మారిపోవచ్చు. తిరిగి వచ్చినవాడిని ఎక్కడికి పంపాలన్నది, నడుస్తున్న దారిలో పూర్తికాని మొదటి పేజీ ఏదో చూసి తేల్చుకోవాలి. ప్రతి పేజీకీ సొంత చిరునామా ఉంటే బ్యాక్ బటన్ కూడా వాడుకరి అనుకున్నట్టే పనిచేస్తుంది.

డ్రాఫ్ట్ నిద్రపోతున్నప్పుడు లోకం మారిపోవడం అన్నిటికన్నా తక్కువ మంది ఊహించే ఇబ్బంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు రోజు అమలాపురం రైతు డ్రాఫ్టులో జిల్లా తూర్పు గోదావరి. ఆ రోజు నుంచి కోనసీమ. అదే ఏడాది తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. పేరును కాకుండా జిల్లా కోడును దాచుకుంటే చాలని అంటారు. రెండో మార్పుకు అది చాలు, మారింది పేరే కాబట్టి. మొదటి మార్పుకు చాలదు. నిడదవోలును చూస్తే అది స్పష్టమవుతుంది: నిన్నటిదాకా పశ్చిమ గోదావరిలో ఉన్నది కొత్త తూర్పు గోదావరిలోకి వచ్చింది. పశ్చిమ గోదావరి అన్న జిల్లా రద్దు కాలేదు, భీమవరం కేంద్రంగా కొనసాగుతూనే ఉంది, కాబట్టి దాచిన కోడు చెల్లుబాటు అవుతూనే ఉంటుంది, కానీ నిడదవోలుకు అది ఇప్పుడు తప్పు. జాబితాలో ఉన్న విలువేనా అని మాత్రమే చూసే తనిఖీ దీన్ని హాయిగా దాటనిస్తుంది. అందుకని డ్రాఫ్టులో అన్నిటికన్నా కింది మెట్టును, అంటే గ్రామాన్ని దాచి, మండలాన్నీ జిల్లానూ పంపే రోజున ఉన్న జాబితా నుంచి తీసుకోవాలి.

బ్యాంకు పేజీలోనూ ఇదే కథ. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. తర్వాత శాఖల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారాయి. ఐఎఫ్‌ఎస్‌సీకి పదకొండు అక్షరాలు, మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది సున్నా. పాత కోడు కూడా ఈ ఆకారానికి చక్కగా సరిపోతుంది. ఆకారం చూసి ఒప్పుకునే ఫారం పాత డ్రాఫ్టులోని పాత కోడును మోసుకుపోతుంది, డబ్బు జమ కావలసిన రోజున అది వెనక్కి వస్తుంది.

ఫారమే మారినప్పుడు సంగతి కొంత తేలిక, ఎందుకంటే ఆ మార్పు మన చేతుల్లో ఉంటుంది. డ్రాఫ్టులో ఫారం వెర్షన్ రాసి ఉంచితే, పాత డ్రాఫ్ట్ తెరిచినప్పుడు దాన్ని కొత్త రూపంలోకి మార్చే చిన్న ప్రోగ్రాం నడపవచ్చు. కొత్తగా చేరిన ప్రశ్న ఏ పేజీలో ఉందో అక్కడికి వాడుకరిని పంపి, ‘మీరు వెళ్లిన తర్వాత ఈ ప్రశ్న చేరింది’ అని ఒక్క వాక్యం చూపిస్తే, నిన్న పూర్తయిందన్న పేజీ ఈరోజు ఎర్రగా ఎందుకుందో అతనికి అర్థమవుతుంది.

ఎప్పుడు సేవ్ చేయాలన్న దాని మీద వాదనలు ఎక్కువ జరుగుతాయి గానీ జవాబు చిన్నదే. ‘తర్వాతి పేజీ’ నొక్కినప్పుడు తప్పనిసరిగా, పేజీలో ఉండగా టైపు చేయడం కాస్త ఆగినప్పుడల్లా. ఫోనులో పేజీ మూసేటప్పుడు సేవ్ చేద్దామని నమ్ముకోకూడదు, మొబైల్ బ్రౌజర్లు ఆ సంగతి మన స్క్రిప్టుకు చెప్పకుండానే పేజీని ముగించేయగలవు. పేజీ తెర వెనక్కి వెళ్లినప్పుడు వచ్చే సూచనను పట్టుకోవడం కొంత నయం. ‘సేవ్ అయింది’ అన్న మాట సర్వర్ ఒప్పుకున్నాకే చూపించాలి. తెలుగులో టైపు చేసేవారి విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగుగా మార్చుకునే కీబోర్డులో పదం ఇంకా తయారవుతూ ఉండగానే, సేవ్ చేసిన పేజీ సర్వర్ పంపిన విలువను గడిలో తిరిగి రాస్తే, చేతిలో ఉన్న పదం విరిగి సగం ఇంగ్లిష్, సగం తెలుగు అవుతుంది. సేవ్ జవాబు వచ్చినప్పుడు కర్సర్ ఉన్న గడిని ముట్టుకోకూడదు.

ఒకే డ్రాఫ్టును ఇద్దరు తెరిచే సందర్భాలూ ఉంటాయి: హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులో బ్యాంకు పేజీ నింపుతుంటే, తండ్రి ఊళ్లో సెంటరులో భూమి పేజీ సరిచేయిస్తుంటాడు. డ్రాఫ్టుకు ఒక వెర్షన్ సంఖ్య ఇచ్చి, సేవ్ చేసేవాడు తాను చూసిన సంఖ్యను కూడా పంపేలా చేస్తే, ఈలోగా అది మారి ఉంటే సర్వర్ ఒప్పుకోదు. హెచ్‌టీటీపీలో ఇందుకు ఈట్యాగ్, ఇఫ్-మ్యాచ్ అనే శీర్షికలు, కుదరనప్పుడు ఇచ్చే 412 అనే జవాబు ఎప్పటినుంచో ఉన్నాయి. పేజీల వారీగా సంఖ్య ఉంచితే తండ్రీకొడుకులకు అసలు తగాదాయే రాదు.

స్కాన్లది ప్రత్యేక కథ. బ్రౌజర్ భద్రత కారణంగా, ఫైలు ఎంచుకునే గడిని వాడుకరి యంత్రంలోని ఫైలుతో ఏ సైటూ తనంతట తాను నింపలేదు. డ్రాఫ్ట్ తిరిగి తెరిచినప్పుడు ఆ గడి ఖాళీగానే ఉంటుంది. కాబట్టి ఎంచుకున్న వెంటనే ఫైలును సర్వరుకు ఎక్కించి, డ్రాఫ్టులో దాని గుర్తు మాత్రం ఉంచి, తిరిగి వచ్చినప్పుడు ‘పాసుపుస్తకం మొదటి పేజీ చేరింది’ అని చూపించాలి.

పంపే క్షణంలో సిగ్నల్ పోతే ఏమవుతుందో కూడా చూడాలి. దరఖాస్తు సర్వరుకు చేరింది, రసీదు వెనక్కి రాలేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆపరేటర్ మళ్లీ నొక్కుతాడు. ఎవరైనా అదే చేస్తారు. బటనును బూడిద రంగులోకి మార్చడం దీనికి పరిష్కారం కాదు, పేజీని రీలోడ్ చేస్తే ఆ రంగు పోతుంది. దరఖాస్తుల పట్టికలో డ్రాఫ్ట్ సంఖ్యకు ఒక గడి పెట్టి, ఒక డ్రాఫ్టుకు ఒకే దరఖాస్తు అని డేటాబేసుకే చెప్పాలి. రెండోసారి వచ్చిన అభ్యర్థనకు పొరపాటు సందేశం కాకుండా మొదటిసారి ఇచ్చిన రసీదు సంఖ్యనే మళ్లీ ఇవ్వాలి. డ్రాఫ్టును తాళం వేసి చదవడం, అన్నీ తనిఖీ చేయడం, దరఖాస్తు రాయడం, డ్రాఫ్టును ‘పంపినది’గా గుర్తించడం ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అయితే అన్నీ కలిసి, లేకపోతే ఏదీ కాకుండా, జరగాలి. ఆ తర్వాత బ్రౌజరును 303 జవాబుతో రసీదు పేజీకి మళ్లిస్తే, రీలోడ్ నొక్కినా ఫారం మళ్లీ వెళ్లదు. బ్యాక్ నొక్కి పాత పేజీలకు వచ్చినవాడికి మార్చడానికి వీలులేని ప్రతి కనిపించాలి.

ఇప్పుడు డ్రాఫ్టు ఎవరిది అన్న ప్రశ్న. సెంటరులోని కంప్యూటరులో లోకల్ స్టోరేజ్ వాడిన సైటు, ఉదయం ఒక రైతు సగంలో వదిలేసిన ఫారాన్ని మధ్యాహ్నం ఇంకొకరికి ‘మీరు ఆపిన చోటి నుంచి కొనసాగించండి’ అంటూ మర్యాదగా తెరిచి చూపిస్తుంది. పేరు, ఆధార్, ఖాతా నంబరుతో సహా. అందుకే ఆధార్, ఖాతా వివరాలు బ్రౌజర్ నిల్వలోకి ఎన్నడూ వెళ్లకూడదు. సర్వర్ నుంచి తిరిగి చూపించేటప్పుడు కూడా ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు చాలు. డ్రాఫ్ట్ తెరవడానికి మొబైలుకు ఓటీపీ పంపడం మామూలు పద్ధతే, కానీ పల్లెల్లో దరఖాస్తులో రాసే మొబైల్ నంబరు చాలాసార్లు ఆపరేటరుదే అయి ఉంటుంది. ఆ ఒక్క ఫోను చేతిలో ఉన్నవారికి ఊళ్లోని డ్రాఫ్టులన్నీ తెరుచుకుంటాయి. నంబరుతో పాటు, మొదలుపెట్టినప్పుడు కాగితం మీద ముద్రించి ఇచ్చే డ్రాఫ్ట్ సంఖ్య కూడా అడగడం ఇక్కడ కొంత రక్షణ. జేబులో పెట్టుకునే చీటీ మన రైతులకు అలవాటైనదే.

ఎన్నాళ్లు ఉంచాలన్నదానికి సాంకేతికమైన జవాబు లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సేకరించిన ప్రయోజనం తీరిపోయాక వివరాలను తుడిచేయాలంటుంది. పంపని దరఖాస్తుకు ఆ ప్రయోజనం ఎప్పుడు తీరిపోయినట్టు? పథకానికి చివరి తేదీ ఉంటే ఆ తేదీయే గడువు. లేకపోతే ఒక గడువు ఎంచుకుని, దాన్ని మొదటి పేజీలోనూ ఆ చీటీ మీదా తేదీతో సహా రాయాలి. సార్వాకు మొదలుపెట్టి వదిలేసిన డ్రాఫ్ట్ దాళ్వాకు ఎలాగూ పనికిరాదు. పంట మారుతుంది. తుడిచే ప్రోగ్రాం ముందు ఎక్కించిన స్కాన్లను చెరిపి, అవి పోయాయని తేల్చుకున్నాకే డేటాబేసులోని వరుసను చెరపాలి. ఈ వరుసక్రమం తారుమారైతే, మధ్యలో ప్రోగ్రాం ఆగిపోయిన రోజున ఎవరివో చెప్పే ఆధారం లేని పాసుపుస్తకాల బొమ్మలు సర్వరులో మిగిలిపోతాయి, వాటిని వెతికి తీయడానికి ఏ పట్టికలోనూ గుర్తు ఉండదు.